టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ

వై2కె హడావుడి సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను సింగపూర్‌లో ఒక పెద్ద బ్యాంకు కంప్యూటర్ విభాగానికి పంపారు. హోదా అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంట్. అది విని మా బంధువులు బ్యాంకు నాదే అనుకున్నారు గాని, మా అంతస్తులోనే ఆ హోదా వాళ్ళం పదకొండుమందిమి. నా కింద ఇరవైమంది సపోర్ట్ ఇంజనీర్లు. బ్యాంకును నడిపే పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా చూసుకోవడం మా పని.

పెద్ద సంస్థలకు ఉద్యోగి మనసు తెలుసుకోవాలన్న కోరిక పుట్టిన రోజులవి. ఏడాదికోసారి సర్వే పెట్టేవారు. ప్రతి ప్రశ్నకూ ఐదు మార్కులు, పేరు రాయనక్కర్లేదు. ‘మీ మేనేజరు మీ మాట వింటారా?’ అన్నది అందులో ఒక ప్రశ్న. మావాళ్ళు ఇరవైమందీ అన్నిటికీ ఐదుకి ఐదు వేశారు. మురిసిపోయి ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్ళాను. మా ఆవిడ ఆ ప్రశ్న దగ్గర ఆగి, “ఇదెవరో వేరే మేనేజరు గురించి రాసినట్టున్నారు” అంది.

సర్వేతోపాటు ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. ప్రతి బుధవారం మూడు నుంచి నాలుగు వరకు మేనేజరు తలుపు తీసి కూర్చోవాలి, ఎవరైనా వచ్చి ఏదైనా చెప్పుకోవచ్చు. ఎందరొచ్చారో పైకి రాసి పంపాలి. మొదటి మూడు వారాల్లో నా గదికి వచ్చింది ఏసీ బాగుచేసే మనిషి ఒక్కడే. అతన్నీ లెక్కలో వేసి పంపాను.

ఆ వారమే రమణ రాజీనామా ఇచ్చాడు. రమణది ఒంగోలు దగ్గర పల్లె. భార్య, ఆరేళ్ళ కూతురితో హౌగాంగ్‌లో అద్దె ఫ్లాటులో ఉండేవాడు. వడ్డీ లెక్కకట్టే పాత ప్రోగ్రాము లోతుపాతులు తెలిసినవాడు అతనొక్కడే. రెండు నెలల్లో కటోవర్ ఉంది, అంటే పాత వ్యవస్థను ఆపేసి కొత్తదానికి మారడం. రమణ లేకపోతే అది జరగదు, అది జరగకపోతే నా ఉద్యోగం ఉండదు. కారణం అడిగితే సొంత పనులున్నాయన్నాడు.

“మరి సర్వేలో ఐదుకి ఐదు వేశావు కదయ్యా!” అన్నాను.

“రాజీనామా నా సొంత విషయం సార్. సర్వే ఆఫీసుది గదా. మన టీముకి చెడ్డపేరు ఎందుకని వేశా.”

ఆ కాగితం పైకి పంపకుండా సొరుగులో పెట్టాను.

ఆ శుక్రవారం అందరం కలిసి హాకర్ సెంటర్‌కి, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటికి, భోజనానికి వెళ్ళాం. వారానికోసారి కలిసి తినాలన్నది పైవాళ్ళు ఆ వారమే పంపిన ఆదేశం. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పెద్ద టేబుల్ మాత్రం ఖాళీగా ఉంది, దానిమీద టిష్యూ ప్యాకెట్ ఒకటి పడుంది. ఎవరో మరిచిపోయారనుకుని దాన్ని చింపి, టేబుల్ తుడిచి, చేతులూ తుడుచుకుని దర్జాగా కూర్చున్నాను. రెండు చేతులా ట్రేలతో ఒకావిడ వచ్చింది. “ఏయ్ అంకుల్! చోప్ ఆల్రెడీ లా!” అని సెంటరంతా వినబడేలా కేకేసింది.

టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టు లెక్క. అక్కడ దాన్ని చోప్ చేయడమంటారు, మాట చివర ‘లా’ అక్కడివాళ్ళ ఊతపదం. అది చెరిపితే కొంపలంటుకున్నట్టే. పది నెలలుగా ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియరు గదిలోనే తినే నాకు ఇదేం తెలుసు? మావాళ్ళకు మాత్రం తెలుసు. నేను చింపుతుంటే ఇరవైమందీ చూస్తూనే ఉన్నారు. ఒక్కరైనా చెప్పలేదేమని తర్వాత రమణని నిలదీశాను.

“మీరంత ధీమాగా చింపుతుంటే ఎట్టా చెప్పేది సార్?” అని పగలబడి నవ్వాడు. అతను నవ్వగా చూడటం అదే మొదలు. నాకు సిగ్గేసింది, టిష్యూ గురించి కాదు.

మరుసటి బుధవారం గదిలోకి వెళ్ళేసరికి నా ఎదుటి కుర్చీలో టిష్యూ ప్యాకెట్ ఉంది. ఈసారి ముట్టుకోలేదు. సాటి అసిస్టెంట్ వైస్ ప్రెసిడెంటు ఒకాయన వస్తే నిలబెట్టే మాట్లాడి పంపాను. మూడింటికి రమణ వచ్చి, ప్యాకెట్ జేబులో వేసుకుని కూర్చున్నాడు.

ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం పేజర్ తన దగ్గరే ఉంటోందని చెప్పాడు. పేజర్ ఉన్నవాడు అది మోగితే అరగంటలో ఆఫీసుకు చేరాలి, దూరం పోకూడదు. ఇల్లు దగ్గరని ఆ డ్యూటీ వేసింది నేనే. కూతురు జూకి తీసుకెళ్ళమని అడగడం కూడా మానేసిందట. స్నేహితులు పిలిస్తే, “నాన్న కెనాట్ లా, సండే పేజర్ డే” అంటోందట. ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

“మీరు అడగలేదు సార్. లిస్టు గోడకి అంటించారు.”

ఆ ఆదివారం పేజర్ నేను తీసుకున్నాను. ఏడుసార్లు మోగింది. ఏడుసార్లూ ఒకటే గోల, ఏదో రిపోర్టు మధ్యలో ఆగిపోతోంది. ఈ పనికిమాలిన రిపోర్టు ఎవరు అడిగారా అని పాత ఫైళ్ళు తీస్తే నా సంతకమే కనబడింది. చేరిన కొత్తలో అడిగాను, ఒక్కసారీ తెరిచి చూడలేదు. సోమవారం దాన్ని ఆపేశాను. ఏదీ, ఎక్కడ అని అడిగినవాడు లేడు. డ్యూటీ లిస్టులో వంతులు పెట్టి, నా పేరూ చేర్చాను. రమణ కూతురికి జూ చూపించి వచ్చి, రాజీనామా వెనక్కి తీసుకున్నాడు. కటోవర్ అనుకున్న రోజుకే అయింది.

తర్వాతి సర్వేలో నా మార్కులు తగ్గాయి. పైవాళ్ళు వివరణ అడిగారు. ఆ ఏడాది మా బృందం నుంచి ఎవరూ మానలేదని ఒక్క వాక్యం రాసి పంపాను. అన్నిటికీ ఐదు వేసేవాడికి వెళ్ళిపోయే ఆలోచన ఉండొచ్చు. మార్కు కోసి కారణం రాసేవాడు ఉండదలిచినవాడు. ఇది నాకు బోధపడింది పేరు లేని ఒక కాగితం చదివాక.

‘మేనేజరు మాట వింటారా?’ అన్న ప్రశ్నకు అందులో నాలుగు వేసి, కింద ఇలా రాశారు: “ఇప్పుడు వింటున్నారు. ఒక మార్కు టిష్యూ ప్యాకెట్‌కి కోశాను.”