చిల్లు పూడ్చని ట్యాంకు

బెల్లంపల్లి బొగ్గుబావుల వర్క్‌షాపులో ఫిట్టర్ ఏలియా మొండిఘటం. పట్టు విడవమంటే ఉడుమైనా వింటుందేమో గాని ఆయన వినడు. ఈ మాట అన్నది ఎవరో కాదు, కట్టుకున్న సాయవ్వే. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అరవై అయిదు యుద్ధంలో ట్యాంకు తోలిన ఏలియా తమ్ముడు తోమాసు ఎడమకాలు పోగొట్టుకుని ఇల్లు చేరాడు. "ట్యాంకుకు బొక్క వడ్డది" అన్నాడు, అంతే. ఆ తర్వాత నోరు కుట్టేసుకున్నాడు. గడప దాటడు, ఆదివారం ప్రార్థనకూ రాడు. చూసి చూసి ఏలియాకు పట్టుదల వచ్చింది. వీడి నోరు ఎట్లా తెరుచుకోదో చూస్తానని, తమ్ముడి మంచం పక్కనే కూర్చుని కిరోసిన్ డబ్బా రేకుతో ట్యాంకు కట్టడం మొదలుపెట్టాడు.

అసలు ట్యాంకులో అడుగుంటే ఇక్కడ అరంగుళం. పట్టాలకు సైకిల్ చైను, ఫిరంగికి విరిగిన గొడుగు కాడ, బోల్టు తలలకు ఆవగింజంత టంకం చుక్కలు. తోమాసు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చివరికి చిల్లు వంతు వచ్చింది. రేకు పని అలవాటు కొద్దీ ఏలియా లోపలి నుంచి మేకు పెట్టి కొట్టాడు. అంచులు బయటికి లేచాయి.

తోమాసు దిగ్గున లేచి కూర్చున్నాడు.

"ఏందే అన్నా గది! గుండు లోపట్నుంచి బయిటికి వోయిందా? బయిట నుంచి లోపటికొచ్చింది! గీడ, తోలెటోడు కూసునే కాడ!" అంటూ ముందుభాగం చూపించి బోరుమన్నాడు.

ఏలియా ఆ రేకు మొత్తం పీకి పారేసి కొత్తది కోశాడు. ఇక తమ్ముడే మేస్త్రీ అయ్యాడు. లైటు జర కిందికంటాడు, కొక్కెం వంకరంటాడు. వంకలు పెట్టడంలో అన్నను మించిపోయాడు. "ఇద్దరికిద్దరే దొరికిండ్రు నాకు!" అని సాయవ్వ నవ్వింది. ఇల్లు నవ్వి ఎన్నాళ్లయిందో!

జనవరి ఇరవై ఆరున గనుల క్లబ్బులో ప్రదర్శన పెడితే ఏలియా ట్యాంకును అక్కడికి తెచ్చాడు. వర్క్‌షాపు ఇంజనీరు గారు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"భేష్! కాని ఆ చిల్లు పూడ్చి రంగెయ్యి. గెలిచిన ట్యాంకుకు చిల్లేమిటయ్యా? హెడ్ ఫిట్టర్ పోస్టుకు నీ పేరే రాస్తున్నాను, గుర్తుంచుకో."

"పూడ్చను సారూ. బాయిల కప్పు పగిలితే ఏం జేస్తం? అందరికి కనవడెటట్టు సుద్దతోని గీత వెడ్తం. దాసినోడు మనిషా? గా బొక్కలనే మా తమ్ముని కాలు వోయింది. పూడిస్తే, కాలేడ వోయిందని చెప్పాలె?"

జేబులోంచి సుద్దముక్క తీసి, చిల్లు చుట్టూ తెల్లగా సున్నా చుట్టాడు.

"అయితే ఆ పోస్టు మర్చిపో! ముందు దీన్ని బయటికి తియ్యి!"

"మర్చిపోయిన సారూ."

ట్యాంకును చంకన పెట్టుకుని బయటికొచ్చి, క్లబ్బు గేటు ఎదుట రోడ్డు మీద స్టూలు వేసి పెట్టాడు. రోడ్డు ఎవడబ్బ సొత్తు? షిఫ్టు దిగిన కార్మికులు మూగారు.

"గీ బొక్కేంది ఏలియన్నా?" అని అడిగాడు వాళ్లలో ఒకడు, కొమురెల్లి.

"ఆగుండ్రి, ఎరుకున్నోన్ని తోల్కస్త" అని ఏలియా ఇంటికి పరుగెత్తాడు.

"తమ్మీ, అందరు అడుగుతున్నరు. నాతోని గాదు, నువ్వే చెప్పాలె."

తోమాసు చంక కింద కర్ర సర్దుకున్నాడు. రోడ్డంతా అన్న భుజం పట్టుకోలేదు. గుంపు దారి ఇచ్చింది.

"గీడ కూసున్నోన్ని నేనే" అన్నాడు, "ఇనుండ్రి."