కారుకి జ్వరమొచ్చింది

లోకంలో ప్రతి వస్తువుకీ జ్వరమేమోనని సంపూర్ణమ్మ గారికి అనుమానం. ఆవిడ నర్సుగా రిటైరయ్యారు గానీ, ఆవిడ చెయ్యి రిటైరవలేదు. ఇడ్లీ ప్లేటు, పక్కింటి పిల్లి, ప్రసంగం మధ్యలో దగ్గిన పాస్టరు గారి నుదురు... ఏది అందితే దానికి చెయ్యి తిరగేసి ఆనించి, కళ్లు మూసుకుని, "ఊఁ, కాస్త వెచ్చగానే ఉంది" అనేవారు.

అలాంటావిడకి వేడి చూపించే ముల్లున్న పాత కారొకటి దొరికింది. ఇక భర్త జయపాల్ గారి పాట్లు చెప్పనక్కర్లేదు. ఆయన డ్రిల్లు మాస్టారుగా పనిచేసిన మనిషి. బయల్దేరితే చేరేదాకా ఆగడం ఇష్టముండదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక, కొవ్వూరు నుంచి గట్టు రోడ్డు మీద పట్టిసీమలో ఉన్న మరదలు క్రిస్టినా ఇంటికి ప్రయాణం. ఆయన రోడ్డు చూసేవారు, ఆవిడ ముల్లు చూసేవారు.

"ఏవండీ, పెరుగుతోంది."

"పెరగనీ."

"మనిషికైతే ఇలాగే అంటారా? ఆపండి!"

తాళ్లపూడి దాటాక, రోడ్డు పక్కనుండే పెద్దాయన భీమరాజు గారి ఇంటి ముందే ఆగడం రివాజైపోయింది. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే నీళ్లు మొహాన చిమ్ముతాయి కాబట్టి చల్లారేదాకా ఆగాల్సిందే. ఆవిడ సంచీ పట్టుకుని లోపలికి వెళ్లిపోయేవారు. ఈయన బానెట్ ఎత్తి, ఎండలో కాపలా కాసేవారు. అక్కడ క్రిస్టినా వండిన కోడికూర చల్లారిపోయేది.

విసిగిపోయి ఒకనాడు కారుని మెకానిక్ ఏసురాజు దగ్గరికి తీసుకెళ్లారు. అతను ఇంజన్ నుంచి రేడియేటర్‌కి వెళ్లే పైగొట్టం పట్టుకుని చూశాడు.

"ఇంజన్ మండిపోతోంది, గొట్టం చల్లగా ఉందండి. థర్మోస్టాట్ బిగుసుకుపోయింది. మార్చేద్దాం."

"అంటే ఏంటి బాబూ?" సంపూర్ణమ్మ గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"చిన్న తలుపు లాంటిదండి. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ మూసుంటుంది. వేడెక్కాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదులుతుంది."

"వేడెక్కిందని దానికెవరు చెబుతారు?"

"లోపల మైనం ఉంటుందండి. కరిగి ఉబ్బి తలుపుని తోస్తుంది."

"ఆ తలుపేదో పీకేస్తే ఎప్పుడూ చల్లగానే ఉంటుందిగా?" అన్నారు జయపాల్ గారు.

"అప్పుడు ఇంజన్ సరిగా కాగదండి. పెట్రోలు తాగేస్తుంది."

"మనిషికీ అంతేనండీ," అన్నారావిడ గర్వంగా. "ఒళ్లు మరీ చల్లబడినా ప్రమాదమే. ఏదీ, తెరుచుకోవడం నాకు చూపించు."

పక్క టీకొట్టులో ఒక గిన్నె ఖాళీ చేయించారు. నీళ్లలో పాతదీ కొత్తదీ పక్కపక్కన వేసి మరగబెట్టించారు. టీ కోసం వచ్చినవాళ్లంతా మూగారు. నీళ్లు బుడగలెత్తుతుండగా కొత్తది మెల్లగా నోరు తెరిచింది.

"తెరిచింది, తెరిచింది!" పురుడు పోసిన సంతోషంతో చప్పట్లు కొట్టారావిడ. పాతది మాత్రం కదల్లేదు. "ఇది మా ఆయన లాంటిది. ఎంత కాగినా నోరు విప్పదు."

కొట్టంతా నవ్వింది. జయపాల్ గారు నోరు విప్పలేదు.

కొత్తది బిగించాక వచ్చిన ఆదివారం ముల్లు నెమ్మదిగా లేచి, మధ్యకొచ్చి, రవ్వంత దిగి, బుద్ధిగా నిలబడిపోయింది. "చూశారా, తలుపు తెరుచుకుంది," అని ఆవిడ మురిసిపోయారు. వేడివేడి కోడికూర తలుచుకుని ఈయన ఈలేశారు.

"ఏవండీ, ఆపండి."

"ఎందుకే? ముల్లు మధ్యలోనే ఉందిగా!"

"ఆపండీ!"

ఆవిడ భీమరాజు గారింట్లోకి వెళ్లిపోయారు. కారుకి కాపలా అక్కర్లేదు కాబట్టి, ఈ వింతేమిటో చూద్దామని జయపాల్ గారు మొదటిసారి వెనకాలే వెళ్లి గుమ్మంలో ఆగిపోయారు.

భీమరాజు గారు మంచం మీద కూర్చుని, ఒక కాలు స్టూలు మీద పెట్టి, ఒకప్పటి తన ఆయిల్ ఇంజన్ సంగతులు ఊదరగొట్టేస్తున్నారు. సంపూర్ణమ్మ గారు ఊఁ కొడుతూ ఆ కాలి పుండు కడిగి కట్టు కడుతున్నారు. నేల మీద సంచీలోంచి దూది, మందు సీసా బయటికొచ్చి ఉన్నాయి.

భీమరాజు గారు మంచినీళ్లు తేవడానికి కుంటుకుంటూ లోపలికి వెళ్లగానే జయపాల్ గారు గుసగుసలాడారు. "నాకు చెప్పొచ్చుగా?"

"షుగరు పుండండీ. ఆసుపత్రి అంటే కర్ర తీస్తాడు. వైద్యం చేస్తానంటే నాకేం రోగమని తలుపేసేస్తాడు. ఇంజన్ గురించి అడిగితే మాత్రం కాలు చాపి కూర్చుంటాడు. మీకు చెబితే మీరు వాకిట్లోంచే 'పుండెలా ఉందండీ' అని అరుస్తారుగా!"

అది నిజమే. జయపాల్ గారు తల గోక్కున్నారు.

చెంబుతో వచ్చిన భీమరాజు గారు కారు వైపు చూశారు. "ఏవండీ మాస్టారూ, కొత్త సామాను వేయించారటగా. బాగైపోయిందా? ఇంక ఆగక్కర్లేదా?"

జయపాల్ గారు చర్చి పెద్ద. అబద్ధం నోటికి రాదు. ఆయన బల్ల లాక్కుని కూర్చున్నారు.

"అది సరేగానీ భీమరాజు గారూ, మీ ఆయిల్ ఇంజన్ వేడెక్కితే ఏం చేసేవారండీ?"

"అదా!" భీమరాజు గారి మొహం వెలిగిపోయింది. "అదో పెద్ద కథండి!" అంటూ మంచమెక్కి, రెండో కాలు కూడా చాపారు.