నక్క ముసుగు బోర్డు

కంప్యూటరు మదర్‌బోర్డుల మంచిచెడ్డలు చెప్పేవాళ్ళందరికీ రెండు చేతులూ బాగానే ఉంటాయి. ఫోన్లో వాళ్ళ వీడియోలు చూస్తూనే ఉంటాను. ఎడమచేత్తో బోర్డు నొక్కిపట్టి, కుడిచేత్తో టకటకా బిగించేసి, చాలా సులువండీ అంటారు. నాకు అక్కడే ఒళ్ళు మండుతుంది.

నా ఎడమచెయ్యి పనికిరానిదేం కాదు. కాకపోతే దానికి వేరే ఉద్యోగం ఉంది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా మణికట్టు పైన రక్తనాళాలు రెండింటిని కలిపి కుట్టారు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, గట్టిగా నొక్కకూడదు, తలకింద పెట్టుకుని పడుకోకూడదు. కుట్టిన చోట వేలు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. ఆ మోత ఆగిపోతే మళ్ళీ ఆపరేషనే. అందుకని మా నాన్న రోజూ తోటకి వెళ్ళేముందు నా మంచం అంచున కూర్చుని, రెండు వేళ్ళు ఆనించి చూసి, "మోగతంది" అని లేచి వెళ్ళిపోతాడు. మా ఇంట్లో తెల్లవారిందనడానికి అదే గుర్తు.

మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రపు హోరు వినబడే ఊరు. జీడితోట ఉంది, కొబ్బరిచెట్లున్నాయి. కిడ్నీ రోగం మావైపు కొత్త చుట్టమేమీ కాదు, దాదాపు ప్రతి వీధిలోనూ మకాం వేసింది. ఎందుకొస్తోందంటే ఎవరికి తోచింది వాళ్ళు చెబుతారు. మా పెద్దవాళ్ళకి మాత్రం ఒక అలవాటు పట్టుకుంది. అరుగు మీద కబుర్లాడుతూ ఆడుతూనే మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి చూసుకుంటారు. పడిన గుంట వెంటనే పూడితే సరే. పూడకుండా అలాగే ఉంటే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట. ఇక మాటలు ఆపేసి పంచె కిందికి లాక్కుంటారు.

నాకు జబ్బని తేలినరోజు డాక్టరుగారి ముందు నాన్న చొక్కా పైకెత్తి, "నాది తీసేసి ఆడికి ఎట్టేయండి బాబూ" అన్నాడు. అక్కడికక్కడే కోసిస్తారనుకున్నాడేమో. అమ్మకి షుగరు ఉంది కాబట్టి ఆమెది పనికిరాదన్నారు. మిగిలింది నాన్నే. ముందు ఆయనకి పరీక్షలు చెయ్యాలి, రక్తం చూడాలి, విశాఖపట్నం వెళ్ళాలి. ఇదిగో వెళ్దాం, అదిగో వెళ్దాం అంటూనే ఉన్నాడు. జీడిపిక్కలు ఏరడం అయిపోనీరా అన్నాడు. అది అయ్యాక కొబ్బరికాయ దింపులన్నాడు. తరవాత తుఫాను గాలికి పడిపోయిన చెట్లు తీయించాలన్నాడు. రోగం నాది, వాయిదాలు ఆయనవి. ఒకరోజు విసుగొచ్చి, ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పెయ్యమన్నాను. నాన్న కత్తి పట్టుకుని తోటలోకి పోయాడు.

జబ్బు రాకముందు నేను తోటపనీ చేసేవాణ్ణి, కాశీబుగ్గలో ఒక ఫొటో స్టూడియోకి పెళ్ళి వీడియోలు కూడా కోసి అతికించి ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు రెండోదే మిగిలింది. ఇంట్లో నన్ను బిందె ఎత్తనివ్వరు, గొళ్ళెం కూడా తియ్యనివ్వరు. అమ్మయితే అన్నం కలిపి పెట్టేదాకా వస్తుంది. మధ్యాహ్నాలు కంప్యూటర్లో ఆట ఆడేవాణ్ణి. ఆ ఆటలో నక్క ముసుగు వేసుకున్న విలుకాడు ఉంటాడు, నేనెప్పుడూ వాడినే. వాడు గోడలు ఎక్కుతాడు, శవాల్ని భుజాన వేసుకుని మోస్తాడు. వాడికి రెండు చేతులూ పనిచేస్తాయి.

ఉన్న కంప్యూటరు కాస్తా ఉప్పుగాలికి పాడయింది. తెరిచి చూస్తే బోర్డు మీద రాగి గీతలు పచ్చగా పాచిపట్టినట్టున్నాయి. స్టూడియో పనికైనా ఆటకైనా కొత్తది కావాలి. అప్పుడే ఒక మాట గట్టిగా అనుకున్నాను, విడిభాగాలు తెప్పించి నేనే బిగించాలి. ఎవరో బిగించి ఇస్తే నేను వాడుకోవడం కాదు. చేతికొచ్చిన ప్రతి పనీ ఎవరో ఒకరు లాక్కునే ఇంట్లో, ఇదొక్కటీ మొదటినుంచి చివరిదాకా నా చేతిమీదుగా జరగాలి.

పలాసలో డయాలసిస్ మంచం మీద పడుకుంటే ఎడమచెయ్యి మిషనుకి, కుడిచెయ్యి నాకు. ఆ కుడిచేత్తో ఫోన్ పట్టుకుని బోర్డులు చూడడం మొదలుపెట్టాను. అలా చూస్తుండగా నా ఆట పేరుతోనే, నా విలుకాడి బొమ్మతోనే ఒక బోర్డు కనబడింది. నల్లటి బోర్డు, ఎర్రటి గీతలు, మధ్యలో నక్క ముసుగు. మొదట నవ్వొచ్చింది. బొమ్మ వేసి రేటు పెంచే వ్యాపారం నాకు తెలియనిదా? పలాస బజారులో అదే జీడిపప్పు, మామూలు సంచిలో ఒక రేటు, రంగు డబ్బాలో ఒక రేటు.

అందుకని బొమ్మని పక్కనపెట్టి లోపలి సరుకు చూశాను. ప్రాసెసర్‌కి కరెంటు సర్ది పంపే భాగాలు దిట్టంగానే ఉన్నాయి. వాటిమీద వేడిని లాగే లోహపు దిమ్మలు మందంగా ఉన్నాయి, మా రేకుల కింద గదికి అది అవసరమే. వెనకవైపు వైర్లు గుచ్చే చోట రేకు ముందే బిగించి ఉంది. లైట్లు దండగ. దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ మరీ దండగ, అడక్కుండానే వచ్చి ఇంట్లో కూర్చునే చుట్టంలాంటిది. అన్నిటికంటే పెద్ద తమాషా ఏమిటంటే, గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే అది సరిగ్గా విలుకాడి ముఖం మీద కూర్చుంటుంది. అంత ఖర్చుపెట్టి కొన్న బొమ్మ ఇక కనబడదు.

వద్దనుకుని ఫోన్ పక్కన పెట్టబోతుంటే ఒక సంగతి తట్టింది. ఈ బోర్డులో గ్రాఫిక్స్ కార్డు తీయాలంటే అంచున ఉన్న మీట ఒక్కవేలితో నొక్కితే చాలు. మామూలు బోర్డుల్లో ఒక చేత్తో కార్డు పట్టుకుని, రెండో చేతి వేలు కిందికి దూర్చి నొక్కాలి. డిస్కు బిగించడానికి దీనిలో మరమేకు అక్కర్లేదు, తిప్పే బిళ్ళ ఉంది. మెమరీ ముక్కకి ఒకవైపే గొళ్ళెం. వీడియోల్లో వాళ్ళు వీటిని చూసి, సోమరిపోతుల సోకులని నవ్వారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టుంది. సోమరిపోతుల కోసం చేశారో ఎవరికోసం చేశారో గానీ, అవన్నీ ఒంటిచేతివాడికి పనికొచ్చేవి.

ఆ వారం నాన్న బండి మీద వెనక కూర్చుని టెక్కలి వెళ్ళాను. అక్కడ కంప్యూటర్ల షాపాయన వరసకి నాకు బావ అవుతాడు. ఆయన బోర్డు ఫొటో చూసి పెదవి విరిచాడు.

"పైన పటారం, లోన లొటారం బావా. దీంట్లో సగం బొమ్మ రేటే. ఈ సాదా బోర్డు సూడు, కరెంటు భాగాలు రెండింటికీ ఒకటే. నా మాటిను."

"కార్డు ఎలా తీస్తావు దీంట్లో?"

"ఏలు దూర్చి నొక్కుతాను. ఏటి, అదో పెద్ద పనా?"

నేను చొక్కా చెయ్యి పైకి మడిచి, సూదుల గుర్తులతో ఉబ్బిన చెయ్యి బల్ల మీద పెట్టాను. బావ దాని వంక చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "మరి నానుండగా నీకెందుకు బావా, నానే బిగించి ఇత్తాను కదా" అన్నాడు. మంచివాడే. కానీ అందరూ అనే మాటే అది, నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ నాన్న లోపలికొచ్చాడు. ఆయనకి బోర్డంటే ఏమిటో తెలియదు. పిక్కల్ని అరచేతిలో వేసుకుని బరువు చూసినట్టు సాదా బోర్డు పెట్టె ఒకసారి ఎత్తి చూసి దించాడు.

"ఎన్నాళ్ళు పని సేత్తాదిరా నువ్వు అడిగింది?"

"బాగానే వస్తుంది నాన్నా. కొత్త ప్రాసెసర్లు వచ్చినా దీనిమీదే మార్చి పెట్టుకోవచ్చు. ఇప్పుడు చిన్నది పెట్టుకుని, నాలుగేళ్ళు పోయాక పెద్దది కొనుక్కోవచ్చు."

"నాలుగేళ్ళు పోయాకనా" అన్నాడు నాన్న. కాసేపు నావైపే చూశాడు. మా ఇంట్లో జబ్బు వచ్చినప్పటినుంచీ వచ్చే వారం తరవాతి మాట ఎవరూ ఎత్తరు. పెళ్ళి మాట అసలే ఎత్తరు. నాకే తెలియకుండా నాలుగేళ్ళ మాట నా నోట్లోంచి వచ్చేసింది.

"అయితే అదే తెప్పించు అల్లుడూ" అన్నాడు బావతో. ఆ గొంతు విని బావ ఇక బేరానికి దిగలేదు.

బోర్డు వచ్చిన రోజు అమ్మ పెట్టెకి పసుపు, కుంకుమ పెట్టింది. బోర్డుకే పెడతానంది గానీ, లోపల ప్రాసెసర్ కూర్చునే చోట వెంట్రుకల్లాంటి సూదులుంటాయనీ, కుంకుమ రవ్వ పడినా పాడవుతుందనీ చెప్పి ఆపాను. బోర్డుకి కరెంటు తెచ్చే పెద్ద వైరు బిగించేటప్పుడు మాత్రం నా ఒక్కచెయ్యి చాలదని నాన్నని రమ్మన్నాను. ఆ వైరు చాలా బిగువు, బలమంతా పెట్టి నొక్కాలి. ఏ బోర్డయినా దానికి ఒంటిచేతి ఉపాయం లేదు. వస్తువు బాగా సున్నితం, చేతులు జాగ్రత్త నాన్నా అని మరీమరీ చెప్పాను.

నాన్న వచ్చాడు. రెండు చేతులూ మోచేతుల దాకా నిగనిగలాడుతున్నాయి. ఆముదం!

జీడిపిక్క పెంకులో నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకని పిక్కలు కొట్టేవాళ్ళు ముందు చేతులకి ఆముదం పట్టిస్తారు. చేతులు జాగ్రత్త అంటే ఆయనకి తెలిసిన జాగ్రత్త అదే. నేను గావుకేక పెట్టాను, "నాన్నా, ముట్టుకోకు!" అని. పాపం, రెండు చేతులూ గాల్లోకెత్తి, "ఏటయిందిరా, కరెంటేటి?" అన్నాడు. సంగతి చెబితే సిగ్గుపడి, నూతి దగ్గర బూడిదతో ఒకసారి, సబ్బుతో ఒకసారి తోముకొచ్చాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మా ఇంట్లో నవ్వు విని చాలా రోజులయింది.

మిగతాదంతా నేనే చేశాను. ప్రాసెసర్ నేనే దించాను. డిస్కు బిళ్ళ ఒక్కవేలితో తిప్పాను. మెమరీ ముక్క కుడిచేతి బొటనవేలితో నొక్కితే టక్కుమంది. కార్డు పెట్టాను, విలుకాడి ముఖం మూసుకుపోయింది. మీట పనిచేస్తుందో లేదో చూద్దామని కార్డు తీసి మళ్ళీ పెట్టాను. ఒక్కచేత్తోనే. ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. చెట్టెక్కి కాయ కోసినట్టే అనిపించింది.

పెద్ద వైరు వంతు వచ్చింది. నాన్న నేలమీద గొంతుక్కూర్చుని, బోర్డు బిగించిన క్యాబినెట్ కదలకుండా దాని ఇనప అంచుని కాలికి ఆనించుకుని, రెండు బొటనవేళ్ళతో వైరు మీద నొక్కాడు. పళ్ళు బిగించి బరువంతా వేశాడు. వైరు లోపలికి దిగింది. "దిగిందిరా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. నేను క్యాబినెట్ వెనక్కి జరిపాను.

పంచె మోకాలి దాకా ఎగ్గట్టి ఉంది. కాలి మీద ఇనప అంచు ఆనిన చోట పొడుగ్గా గాడి పడింది. ఎర్రగా లేదు, లోతుగా ఉంది. చూస్తున్నాను. పూడలేదు.

నాన్న నా చూపు పట్టుకుని పంచె కిందికి లాక్కోబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆ గాడి పక్కన బొటనవేలితో నొక్కి తీశాను. ఇంకో గుంట. ఇద్దరం దానివంకే చూస్తూ కూర్చున్నాం. అదీ పూడలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మెల్లిగా. మీయమ్మ ఇంటాది."

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"పిక్కలేరకముందు నుంచే" అన్నాడు. అంటే మొదటి వాయిదా కంటే ముందు నుంచే.

"మరి పరీక్షకి వెళ్దామన్నప్పుడల్లా..."

"ఎల్తే తేలిపోద్ది కదరా. నాదీ పనికిరాదని ఆళ్ళు సెప్పేత్తే ఇంక నీకేటి ఆశ ఉంటాది? ఉందనుకుంటే బతుకుతావని..." అన్నాడు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. దాచినందుకు కాదు. ఇష్టం లేదని నేనన్నరోజున కూడా నోరు తెరవకుండా తోటలోకి పోయినందుకు. ఇన్నాళ్ళూ మంచంమీద పడుకుని, ఏ బోర్డు ఎన్నేళ్ళు మన్నుతుందో చిన్న చిన్న దిమ్మల దాకా చూసినవాణ్ణి, రోజూ పొద్దున్నే నా పక్కన కూర్చునే మనిషి కాళ్ళు చూడలేదు. ఆయన నా చెయ్యి చూసి వెళ్ళేవాడు, అంతే.

కంప్యూటరు స్విచ్చి నొక్కాను. ఫ్యాన్లు తిరిగాయి, కార్డు కిందనుంచి ఎర్రటి వెలుగు బయటికొచ్చింది. వంటింట్లోంచి అమ్మ, "ఎలిగిందా నాయనా?" అని అడిగింది. వెలిగిందమ్మా అన్నాను.

"ఎల్లుండి నాతో పలాస రా నాన్నా. నన్ను దింపి బయట కూర్చోవడం కాదు. లోపలికి రా, డాక్టరుగారికి చూపిద్దాం."

నాన్న పొద్దుటి పనే మళ్ళీ చేస్తున్నట్టు, నా ఎడమచెయ్యి దగ్గరకి తీసుకుని రెండు వేళ్ళు ఆనించాడు. బూడిద, ఆముదం కలిసిన వాసన. చాలాసేపు అలాగే ఉంచాడు.

"మోగతంది" అన్నాడు. తరవాత గొంతు బాగా తగ్గించి అడిగాడు, "అక్కడ నీ పక్క మంచం కాళీగా ఉంటాదేటిరా?"