తువాలు కింద బేరం

పండిన జొన్నలు కొనే దిక్కులేని రోజులవి. నేనెక్కిన గిద్దలూరు మోటారు బస్సు బేస్తవారిపేటలో ఆగింది. తోలు సీట్లు, కిటికీలకు పట్టు తెరలు, లోపల సగం ఖాళీ. యజమానే డ్రైవరు.

బస్సు కొంటానంటూ ఒక బేరగాడు వచ్చాడు. పశువుల సంతలో చేసినట్టే యజమాని చేతిమీద తువాలు కప్పి, లోపల వేళ్ళు నొక్కి తన ధర చెప్పాడు. యజమాని ఆ తువాలు లాగేశాడు.

"ఏంది మామా, నా బండేమన్నా వట్టిపోయిన బర్రెనా? ఆ రేటేందో అందరూ వినేట్ల చెప్పు."

బేరగాడు నసిగాడు. "పాత ఇనుముకు ఇంకెంత ఇస్తారు నాయనా? కాలం అట్లుంది."

"కాలం చెడింది. నా బండి చెడలేదు."

అదే తువాలుతో ముందద్దం మీది దుమ్మంతా తుడిచి, బేరగాడి భుజాన వేశాడు.

"గిద్దలూరు వస్తావా? వస్తే ఎక్కు. టికెట్టు మాత్రం తీసుకోవాల."

ఆ యజమాని పేరు నేనడగలేదు. ఇప్పటికీ సంతలో నా ఎద్దుల బేరానికి ఎవరైనా తువాలు తీస్తే, నేను చెయ్యి వెనక్కి లాక్కుంటాను.

"నోటితో చెప్పు" అంటాను.