ట్రైలరుకు వేసిన ఆకుపచ్చ అంచు

నేను ఇన్నేళ్లుగా మోస్తున్నది తూకానికి ఏమంత లేదు. ఒక బోల్టు కింద గీకితే రాలిన రంగు పెచ్చు. అయినా అది నాతోపాటే మంచం ఎక్కుతుంది, నాతోపాటే లేస్తుంది. నా భార్యకు చెప్పలేదు. చెప్పవలసిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే కాబోలు మీ దగ్గర నోరు పెగులుతోంది.

అరవైల మొదట్లో హిందూపురంలో నాకొక చిన్న షాపు ఉండేది. లారీలకు, జీపులకు, అప్పుడప్పుడే పల్లెల్లోకి వస్తున్న ట్రాక్టర్లకు లైట్ల వైరింగు చేసేవాడిని. కొత్తగా పెళ్లయింది, షాపూ కొత్తదే. రెండింటి మీదా పట్టలేనంత మురిపెం. పొద్దున్నే తలుపు తీస్తే బ్యాటరీ యాసిడ్ వాసన, వీధి చివరి నుంచి చింతపండు మండీ పులుపు వాసన, సగం తెలుగు సగం కన్నడంలో సాగే బేరాలు. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ లోపల హాయిగా ఉంటుంది. ఆ హాయి అనుభవించే అర్హత నాకుందా అని మరుక్షణమే అనిపిస్తుంది.

చౌడప్ప అప్పుడే పరిచయమయ్యాడు. పెనుకొండ దగ్గర ఒక ఆసామి ట్రాక్టరుకు డ్రైవరు. సొంతూరు ధర్మవరం. ఇంట్లో తాతలనాటి పట్టుచీరల మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని రోజంతా గోడను చూస్తూ కూర్చునే పని తన వల్ల కాదని నాయనతో పోట్లాడి బయటికొచ్చి డ్రైవింగు నేర్చుకున్నాడు. స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు అతని ముఖం చూడాలి, ఊరంతా తనదే అన్నట్టు ఉండేది. మా షాపు ముందు బండి ఆపి, పని ఉన్నా లేకున్నా గంటసేపు కబుర్లు చెప్పి, నా కాఫీ కూడా తాగేసి పోయేవాడు. నాకు అంతకు ముందూ ఆ తర్వాతా అలాంటి స్నేహితుడు దొరకలేదు.

ఆయుధపూజ వస్తోంది. వెనకే మిల్లుకు వేరుశనగ తోలకాలు మొదలవుతాయి. ట్రైలరుకు వెనక దీపం పెట్టించి, రంగు కూడా వేయించుకు రమ్మని ఆసామి పంపాడు. పండుగ ముందు రంగులు వేసేవాళ్లు ఎక్కడ దొరుకుతారు? మనమే వేద్దాం అన్నాడు చౌడప్ప. మగ్గం వదిలినా చీర అతన్ని వదల్లేదు. ట్రైలరంతా లక్క ఎరుపు, చుట్టూ కింద ఆకుపచ్చ అంచు ఉండాలన్నాడు. వాళ్లమ్మ పెళ్లిచీర అంచు రంగు రావాలని డబ్బాలు కలిపి కలిపి నా ప్రాణం తీశాడు. ట్రైలరుకు సీమంతం చేస్తున్నావా అని వెక్కిరించాను. కానీ రంగు ఆరాక చూస్తే, నిజం చెప్పాలి, అంత ముచ్చటైన బండి మా వీధిలోకి ఎప్పుడూ రాలేదు.

ఇక్కడ మీకు ఒక్క సంగతి చెప్పాలి. వెనక దీపానికి ఒక తీగ ట్రాక్టరు నుంచి వస్తుంది. రెండో తీగను ట్రైలరు ఇనుముకే బోల్టుతో బిగిస్తాం, కరెంటు ఆ ఇనుము గుండా తిరిగి పోతుంది. బోల్టు కింద ఇనుము శుభ్రంగా గీకి ఉండాలి. మధ్యలో రంగు ఉంటే దీపం వెలగదు. ఈ పని నేర్చుకునేవాళ్లకు మొట్టమొదట చెప్పేది ఇదే. నేను ఆ తీగ విప్పి, అంచు రంగు కిందంతా పట్టించి, ఆరాక మళ్లీ బిగించాను. గీకాలని తెలియక కాదు. గీకితే ఆ అంచులో మచ్చ పడుతుంది. పూజలో నలుగురూ చూస్తారు. పూజయ్యాక గీకుదాంలే అనుకున్నాను.

పూజయింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి, గుమ్మడికాయ పగిలింది, కుంకుమ బొట్లతో బండి కదలబోతుండగా దీపం సరిచూశావా అని చౌడప్ప అడిగాడు. చూశానన్నాను. నోటి నిండా బొరుగులు, మనసు నిండా పండుగ. ఆ అబద్ధం ఆడినట్టు కూడా నాకు తెలియలేదు.

కొన్నాళ్లకు, మిల్లులో వేరుశనగ దించి ఖాళీ ట్రైలరుతో చౌడప్ప తిరిగి పోతున్నాడు. మునిమాపు వేళ. పెనుకొండ దగ్గర దిగుడు రోడ్డులో రొద్దం ఊరి మనిషొకడు సైకిలు మీద జోరుగా వచ్చి వెనక నుంచి గుద్దుకున్నాడు. తొడ ఎముక విరిగింది. చౌడప్పే అతన్ని ట్రైలరులో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి చేర్చాడు. ఆ మనిషి బతికాడు, కాలు మాత్రం కొంచెం వంకరగా నిలిచిపోయింది. వెనక దీపం లేదని అతను చెప్పాడు. తాను స్విచ్ వేశానని చౌడప్ప చెప్పాడు.

మర్నాడు ఆసామి నన్ను పిలిపించాడు. దీపానిది తప్పా, డ్రైవరుది తప్పా అన్నదొక్కటే ఆయనకు తేలాలి. వాకిట్లో పదిమంది నిలబడి ఉన్నారు. చౌడప్ప గోడవారన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

నేను ముందు ట్రాక్టరెక్కాను. సీటు పక్కన వెనక దీపానికని నేను విడిగా పెట్టిన స్విచ్, పైకే ఉంది. వేసింది వేసినట్టే. ఆ కంగారులో చౌడప్ప దాన్ని ఆపనే లేదు. అయినా వెనక దీపం వెలగడం లేదు. బ్యాటరీ ఏమైనా దిగిపోయిందా అని హారను నొక్కి చూశాను. దిగలేదు. నాకు క్షణంలో అంతా అర్థమైంది. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట బయటికి వస్తే రేపటి నుంచి నా షాపుకు ఎవరు వస్తారు? భార్య ముఖం గుర్తుకొచ్చింది. ఇప్పటికీ అదే అడుగుతుంటాను నన్ను నేను, నిజంగా ఆమే గుర్తుకొచ్చిందా, లేక తర్వాత నేను వెతికి తెచ్చుకున్న సాకా అది?

స్విచ్ కిందికి నొక్కాను. దిగి, ట్రైలరు కింద దూరాను. బోల్టు వదులు చేసి, చాకుతో దాని కింద రంగు గీకాను. ఆకుపచ్చ పెచ్చులు నా ముఖం మీదే రాలాయి. బోల్టు బిగించి, తుడుచుకుని బయటికొచ్చి, స్విచ్ వేయమని చౌడప్పనే పంపాను. అతను వేశాడు. ఎర్రదీపం నిండుగా వెలిగింది.

అందరూ అతని వైపు తిరిగారు. చౌడప్ప మాత్రం నా వైపే చూశాడు.

“ఆపినట్టు గుర్తు లేదబ్బా నాకు. జూస్తే స్విచ్ కిందికే ఉండాది. అంటే నేను ఏసే ఉండనేమో. నువ్వేమంటావు?”

“అయ్యుండొచ్చు” అన్నాను.

ఆసామి తిట్టలేదు, కొట్టలేదు. బండి తాళం ఇచ్చేయమన్నాడు, అంతే. చుట్టుపక్కల మరెవరూ అతన్ని బండి ఎక్కనివ్వలేదు. చౌడప్ప ధర్మవరం వెళ్లి మగ్గం గుంటలో కూర్చున్నాడు.

ఆ దశాబ్దం చివర మా చెల్లెలి పెళ్లికి చీర కొనడానికి ధర్మవరం వెళ్లాను. ఊళ్లో ఎన్ని ఇళ్లు లేవు, నా కాళ్లు ఆ ఇంటికే ఎందుకు పోయాయో! నన్ను చూసి ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. ఈసారి కాఫీ నాకే ఇప్పించాడు. వాళ్లావిడ నవ్వుతూ మొగుడి మీద చాడీలు చెప్పింది. తలుపు గడియ వేసి పడుకుంటాడట, వేశానా అని లేచి అడుగుతాడట. పోగు అతికి, అతికానా అని ఆమెను పిలిచి చూపిస్తాడట. తాను చూసింది తనకే నమ్మకం లేదట. చౌడప్ప కూడా నవ్వాడు. తన మతి సంగతి ఈయప్పకు తెలుసునని, ఆ రోజు పక్కనే ఉండి చూశాడని, నన్నే సాక్షిగా చూపించాడు.

మగ్గం టకటకలు వింటూ తల దించుకుని కాఫీ తాగాను. అప్పుడైనా చెప్పలేదు. ఒక మనిషి చేతిలోంచి బండి లాక్కోవడం ఒక పాపం. అతని జ్ఞాపకాన్నే అతని చేతిలోంచి లాక్కోవడానికి ఏం పేరుంది? నాకు తెలియదు.

చౌడప్ప పోయి చాలా కాలమైంది. కబురు అందినా నేను వెళ్లలేదు. ఏ ముఖంతో వెళ్లను? నా షాపు బాగానే నడిచింది. పనివాడని పేరు కూడా వచ్చింది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీ దగ్గర లేదు. ఆ రోజు వాకిట్లో అనవలసిన మాట ఒక్కసారైనా నా నోటి నుంచి రావాలి, అంతే.

చౌడప్పా, నువ్వు మరిచిపోలేదప్పా. ఆ పొద్దు నువ్వు స్విచ్ ఏసినావు. నేను జూసినా.