ఆమె నడక అది కాదు

నూరేళ్ళ కిందటి ఒక నటిని ఈమధ్య మా నజ్మా పేటలో, పాతికమంది ముందు, కోతిపిల్లలా గెంతించారు. చచ్చిపోయిన బిడ్డ ఉయ్యాల దగ్గరికి ఆమె నడిచివెళ్ళే ఘట్టం అది. అందరూ పడీపడీ నవ్వారు.

శుక్రవారం గోడకు దుప్పటి కట్టి సినిమా వేసుకోవడం గల్ఫ్‌కొచ్చిన మా తెలుగువాళ్ళకు అలవాటు. హాలీవుడ్ కొత్తల్లో వచ్చిన మాటల్లేని సినిమా పెట్టమని ఈసారి అడిగింది నేనే. వేసినవాడు నిజామాబాద్ వైపు ఎలక్ట్రీషియన్. ల్యాప్‌టాప్‌లో బటన్ నొక్కి వదిలేశాడు. ఆ రోజుల్లో కెమెరాను చేత్తో, నిదానంగా తిప్పేవాళ్ళయ్యా! ఇప్పటి వేగంతో వదిలితే నడిచే మనిషి గెంతుతుంది. ఒకప్పుడు నేను పనిచేసిన టూరింగ్ టాకీసులో మా ముసలి ఆపరేటరు నాకు నేర్పిన మొదటి పాఠమే అది. ఆపమని అరిచాను. మస్తు కామెడీ తెచ్చినవు కాకా, అని మెచ్చుకున్నాడు వాడు.

ఆమె ఎవరో వీళ్ళకేం తెలుసు? మదీనత్ ఖలీఫా పేటలో, నేను డ్రైవరుగా ఉన్న ఇంటి మేడమ్ పిల్లల బడి ముందు కారాపుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఆమె జీవితచరిత్ర రెండుసార్లు చదివినవాణ్ణి. పదేళ్ళకే నాటకాల కంపెనీతో ఊళ్ళు తిరిగింది. సినిమాల్లో చేరితే తెరమీద పేరే వెయ్యలేదు, జీతం పెంచమంటుందని నిర్మాతల భయం. ఆ ఉంగరాల జుట్టు పిల్ల ఎవరని జనం ఉత్తరాలు రాసి రాసి పేరు రాబట్టారు. పరిగెత్తే గుర్రం మీదినుంచి తనే దూకింది, కాలు విరిగితే కట్టుతోనే నటించింది. సినిమాకు మాటలొచ్చాక వేషాలు తగ్గాయి. ఏడుస్తూ కూర్చోలేదు, టోపీల దుకాణం పెట్టి ఎనభై దాటేదాకా దర్జాగా బతికింది. ఆ మనిషికా ఈ మర్యాద?

వాట్సాప్‌లో వాడికి ఇంత పొడుగు ఉత్తరం రాశాను. ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. వేగం ఎంత తగ్గించాలో లెక్కతో సహా మళ్ళీ రాశాను. డ్యూటీలో ఉన్నా కాకా, అన్నాడు. మూడోసారి ఒకటే మాట రాశాను: ఆ ఉయ్యాల ఘట్టం నిదానంగా వేసి చూడు, అప్పుడూ నవ్వొస్తే ఈ జన్మలో మీ దగ్గర సినిమా పేరెత్తను.

వారం తిరిగింది. నిన్న వచ్చింది జవాబు:

"కాకా, మేముండే క్యాంపుల ఆరుగురం కూసోని చూసినం. ఒక్కడు నవ్వలే. మా ఫోర్‌మన్ బయటికి వోయి ఇంటికి ఫోన్ చేసుకున్నడు. గానీ నువ్వు చెప్పిన స్పీడు గూడ ఎక్కువే ఉండె, ఇంకింత తగ్గిస్తే మంచిగ నడిచింది. శుక్రవారం మళ్ళ ఏస్తున్నం. నువ్వు ముందల కూసోని కథ మొత్తం చెప్పకు."