మా మామ్మ బెంజి కారు బేరం

మా మామ్మ అచ్చియమ్మ ఏ వస్తువునూ చెప్పిన ధరకు కొని ఎరగదు. ఆస్పత్రిలో ఇంజెక్షన్ ఖరీదు చెప్పిన నర్సుతో "సగం మందే ఎక్కించు, సగం డబ్బులిత్తాను" అందని మా నాన్న చెబుతాడు. మా నాన్న చెప్పేవాటిలో సగం అబద్ధాలే గానీ ఇది మాత్రం నేను నమ్ముతాను. ఎందుకంటే నా పదో తరగతి లెక్కల పరీక్షలో ఇరవై రెండు మార్కులొచ్చినప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను.

"ఎన్నొస్తే పాసు?" అని అడిగింది.

"ముప్పై ఐదు."

"పదమూడుకేనా ఆపీసారు? పద, ఆ మేస్టారి దగ్గరికి. పదమూడూ ఒదలకపోతే ఆరైనా ఒదుల్తాడు."

చెప్పులు వేసుకుని వీధిలోకి దిగిపోయింది. కాళ్ళు పట్టుకుని వెనక్కి తెచ్చాను. నా చదువు అక్కడితో ఆగింది, నా పరువు మాత్రం దక్కింది.

తాత పోయేటప్పటికి మామ్మకు ముప్పై ఏళ్ళు నిండలేదు. నర్సీపట్నం పక్కన రెండెకరాల జీడితోట, చంకలో మా నాన్న, అంతే ఆవిడ ఆస్తి. ఏజెన్సీ సంతలకు వెళ్ళి చింతపండు, పసుపు, కుంకుడుకాయలు కొని, కిందికి తెచ్చి షావుకార్లకు అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో బస్సు టాపు మీద మూటలు వేసుకుని తిరిగింది. తర్వాత అద్దె జీపుల్లో. తొంభై ఆరులో ఒక పాత వ్యాను కొంది. దాన్ని తోలడానికి నానాజీ బాబాయి ఉన్నాడు.

నానాజీ బాబాయి మామ్మ చెల్లెలి కొడుకు. తల్లీ తండ్రీ ఒకే ఏడాది పోతే, ఎనిమిదేళ్ళవాణ్ణి మామ్మ మా ఇంటికి తెచ్చేసింది. మా నాన్నకు చొక్కా కుట్టిస్తే అదే తానులో వాడికీ ఒకటి. మా నాన్న పేరు పరదేశి; ఆయన పంచాయతీ ఆఫీసులో అటెండరుగా చేరి బేరాలకు దూరంగా బతికిపోయాడు. సంతల్లో మామ్మ వెనక పాతికేళ్ళు తిరిగినవాడు నానాజీ బాబాయే.

మామ్మ బేరంలో ఒక కిటుకు ఉంది. చివరి మాట అనేశాక మూట వదిలేసి వెనక్కి తిరిగి నడుస్తుంది. ఇది అందరూ చేసేదే. కానీ తొమ్మిది అడుగులు వేశాక మామ్మ ఆగి, వంగి, కుడికాలి చెప్పు సరిచేసుకునేది. ఆ చెప్పుకు ఏమీ అయ్యేది కాదు. అవతలివాడికి నోరు తెరవడానికి కాస్త సమయం ఇవ్వడమన్నమాట. "మనిసికి ఎనక్కి పిలవాలనే ఉంటాది. సిగ్గడ్డమొస్తాది. ఆ సిగ్గు దిగేదాకా మనం ఆగాల" అని నాకు ఒకసారి చెప్పింది. పిలిచేవారు. పిలవకపోవడం నేను చూడలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ నానాజీ బాబాయీ. మా నాన్నకు కూడా తెలియదు. తెలిస్తే ఆఫీసంతా చెప్పేస్తాడు.

రెండు వేల నాలుగులో మామ్మకు బెంజి కారు మీద మనసు పడింది.

ఎక్కి తిరగడానికి కాదు. మా వీధిలో ఒక పెళ్ళికి విశాఖపట్నం నుంచి పెద్ద తెల్ల బెంజి కారు అద్దెకు వచ్చింది. ఒక్క పూటకు ఎనిమిది వేలు. మామ్మ పప్పన్నం మానేసి ఆ కారు డ్రైవరు పక్కన కూర్చుని, నెలకెన్ని పెళ్ళిళ్ళు, పెట్రోలెంత, పూలు ఎవరివి, అన్నీ అడిగి తెలుసుకుంది. నర్సీపట్నంలో అప్పట్లో పెళ్ళికొడుకులు సుమోల్లోనే ఊరేగేవారు. "ఈ ఊల్లో మొదటి పెల్లికారు మనదే అవ్వాల. మోకాల్లు అరిగిపోయాయి, ఇంక కొండలెక్కలేను" అంది. జీడితోట అమ్మేసింది. చేతికి నాలుగు లక్షలు వచ్చాయి. అందులో ఇరవై వేలు కాగితాలకీ టైర్లకీ పక్కన పెట్టింది. అంటే కారుకు మూడు లక్షల ఎనభై వేలు దాటకూడదు. ఆ లెక్క ఒక మంగళవారం మధ్యాహ్నం నానాజీ బాబాయికి గుమ్మడికాయ పులుసు వడ్డిస్తూ చెప్పింది. నేను పక్కనే అప్పడాలు కాలుస్తున్నాను.

సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్లను వెతికి పట్టుకున్నదీ బాబాయే. విశాఖపట్నంలో ఇద్దరు భాగస్తులు. పెద్దాయన సూర్యప్రకాష్, కుర్రాడు సోమేశ్. గురువారం పొద్దున్న కారు తోలుకుని నర్సీపట్నం వచ్చి, తుని రోడ్డులో ఒక లాడ్జి ఆవరణలో పెట్టారు. మేము ముగ్గురం వ్యానులో వెళ్ళాం. కాగితాలు చదవడానికి నన్ను తీసుకెళ్ళింది. ఆర్.సి. పుస్తకంలో నాకు అర్థమైనవి మూడు: నంబరు, తెలుపు, పెట్రోలు. మిగతాదానికి గంభీరంగా తల ఊపాను.

మామ్మ కారు చుట్టూ రెండుసార్లు తిరిగింది. తలుపు తీసి సీటు వాసన చూసింది. చింతపండు నొక్కినట్టు వేలితో నొక్కింది. డిక్కీ తెరిపించి "మూడు బస్తాలు పడతాయి" అంది. సూర్యప్రకాష్ మొహం అదోలా పెట్టాడు.

"ఇందులో ఎవరైనా సచ్చిపోయారేటి బాబూ?"

"అయ్యో, లేదు మామ్మగారూ. డాక్టరుగారు వాడిన బండి."

"డాక్టరు బండైతే రోగుల్ని ఎక్కించుకునుంటాడు. పెల్లికూతుర్ని ఎలా కూకోబెట్టను?"

"ఆయన కళ్ళ డాక్టరండి."

"అయితే కల్లకలకొస్తాది. ఎంత?"

"అయిదున్నర లక్షలు."

"రెండున్నర."

సోమేశ్ పకపకా నవ్వాడు. మామ్మ నవ్వలేదు. ఆవిడకు ఆకలి వేసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది మొహం. టీలు వచ్చాయి. గంటన్నర గడిచింది. బంపరు మీద గీతకు పదివేలు తగ్గించింది. స్టెప్నీ టైరు అరిగిందని పదిహేను. రంగు తెలుపు కాదు, పెరుగు రంగు అని ఇంకో అయిదు. వాళ్ళు నాలుగూ పాతిక దాకా వచ్చారు. ఆ తర్వాత సూర్యప్రకాష్ నాలుగు లక్షలన్నాడు. అక్కడ రాయిలా ఆగిపోయాడు.

"నాలుగు లక్షలు. ఒక్క రూపాయి తగ్గదు మామ్మగారూ."

"మూడు అరవై."

"నాలుగు. అంతే."

సరిగ్గా నాలుగు. మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉన్నదంతా. నాకు అప్పుడు ఏమీ తోచలేదు, టీలో పంచదార ఎక్కువైందని మాత్రమే తోచింది.

మామ్మ లేచింది. "అయితే మీ కారు మీ దగ్గరే సల్లగా ఉండనీండి బాబూ" అని వెనక్కి తిరిగి నడిచింది. నేను పక్కన, నానాజీ బాబాయి వెనక. నేను లోపల లెక్కపెడుతున్నాను. తొమ్మిదో అడుగు పడగానే ఆగి, వంగి, కుడికాలి చెప్పు మీద చెయ్యి వేసింది.

వెనక ఎవరూ పిలవలేదు. మామ్మ అలాగే వంగి ఉంది. ఆవిడ నడుముకు అది ఎక్కువసేపే.

అప్పుడు సోమేశ్ గొంతు వినిపించింది, నవ్వాపుకుంటూ. "చెప్పు బాగానే ఉందిలెండి మామ్మగారూ. తొమ్మిది అడుగులయ్యాయి కదా, వచ్చి కూర్చోండి."

సూర్యప్రకాష్ "నోర్ముయ్యరా" అన్నాడు, కాస్త ఆలస్యంగా.

మామ్మ నెమ్మదిగా నిటారుగా లేచింది. వెనక్కి తిరగలేదు. పదో అడుగు వేసింది, పదకొండోది వేసింది, గేటు దాటి తుని రోడ్డు మీదికి వచ్చేసింది. ఇంటికి రెండు కిలోమీటర్లు. ఏప్రిల్ ఎండ. వ్యాను లోపలే ఉంది. నేను పరుగెత్తి ఆవిడ పక్కకు చేరాను.

"నువ్వు సెప్పావేటే గుంటా?" నన్ను చూడకుండానే అడిగింది.

"నేనెవరికి చెప్తాను మామ్మా? నా దగ్గరికెవరూ రాలేదు."

మామూలుగానైతే ఈ మాటకు నెత్తి మీద మొట్టికాయ పడాలి. పడలేదు. అది పడనందుకే నాకు భయం వేసింది.

వెనక నుంచి మా వ్యాను వచ్చి, మా నడకకు సమానంగా పక్కనే పాకుతోంది. నానాజీ బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఎక్కు పెద్దమ్మా. ఎండ."

మామ్మ నడుస్తోంది.

"నాలుగు లచ్చలకే తీసీసుకో పెద్దమ్మా, మంచి బండి. మల్లీ దొరకదు."

మామ్మ ఆగింది. వ్యాను కూడా ఆగింది. వెనక లారీవాడు హారన్ కొట్టి, తిట్టి, పక్కనుంచి పోయాడు.

"నీకెంతిత్తామన్నార్రా?"

"ఏటి పెద్దమ్మా?"

"ఎంత?"

బాబాయి స్టీరింగు వైపు చూశాడు. "ఇరవై."

"ఇరవై వేలు. నన్నడిగితే నానివ్వనేటిరా?"

"అడగాల కదా పెద్దమ్మా. పాతికేల్లయ్యింది, సొక్కాకీ అడగాల, బీడీకీ అడగాల."

"నీకేటి తక్కువ సేసాను?"

"తిండికా? ఏటీ తక్కువ నేదు. ఇల్లు పరదేశన్నకి రాసీసావు. వ్యాను నీ పేరు. ఇప్పుడు కారూ నీ పేరే. ముప్పై నాలుగేల్లొచ్చినా నాను అచ్చియమ్మగారి డ్రైవర్నే."

మామ్మ కొంగు నెత్తిన కప్పుకుని మళ్ళీ నడిచింది. ఇంటిదాకా వ్యాను మా పక్కనే పాకుతూ వచ్చింది. దారిలో జనం ఊరేగింపనుకుని ఉంటారు.

మర్నాడు పొద్దున్న మామ్మ వీధి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నేనూ తీస్తున్నాను. నానాజీ బాబాయి వచ్చి మెట్టు కింద నిలబడ్డాడు.

"మూడెనబైకి దిగారు పెద్దమ్మా. రాత్రంతా సూసారు, నువ్వు నిజంగా రావనీసి తెలిసిపోయింది. సాయంత్రం ఎల్లిపోతారంట. బేగి సెప్పాల."

మూడు ఎనభై. ట్రంకుపెట్టెలో కారు కోసం ఉన్నది సరిగ్గా అంతే. మా నాన్న లోపల్నుంచి వచ్చి "ధర బాగుంది కదమ్మా" అన్నాడు. నా చేతిలో గింజ ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

"అందులో నీ ఇరవై ఉన్నాదేటిరా?" అని అడిగింది మామ్మ.

"ఉన్నాది."

"అయితే అది ఒదిలీ. మూడు అరవైకి సెయ్యి. నిన్నటి మాట నాను మరిసిపోతాను. కారు కాగితం మీద నీ పేరూ రాయిత్తాను, నా పేరు పక్కన."

ఇలాంటి ఒప్పందం మామ్మ నోట మేమెవరమూ వినలేదు. నానాజీ బాబాయి కాలి బొటనవేలితో మట్టి గీస్తూ నిలబడ్డాడు. ఊఁ అంటే చాలు. నేను లోపల దేవుడికి కొబ్బరికాయ కూడా మొక్కేశాను.

"ఒదల్లేను పెద్దమ్మా."

"ఎందుకని?"

"సగం ముందే ఇచ్చీసారు. పది ఏలు. యలమంచిలిలో ఒక పాత ఆటో ఉంది, బుధారం బయానా ఇచ్చీసాను. నా పేరనే. మిగతాది కట్టకపోతే ఆ పదీ పోతాది."

"ముందేనా? ఎప్పుడిచ్చారు?"

"మంగళారం సాయంత్రం."

మామ్మ చేతులు ఆగాయి. "మంగళారం" అంది. "మద్దాన్నం నా సేత్తో పులుసు పోసాను. నా లెక్కంతా నీకు సెప్పాను. ఆ సెయ్యి కడుక్కునీసి ఎల్లావేటిరా?"

బాబాయి తల ఎత్తలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదు, నాకు తెలుసు. ఏడుస్తూనే ఒదల్లేనన్నాడు.

"ఎల్లి సెప్పు, అచ్చియమ్మ కారొద్దంటందని."

"అమ్మా, ధర బాగుంది" అన్నాడు మా నాన్న మళ్ళీ.

"దర బాగానే ఉందిరా" అని మామ్మ గింజలు తీయడంలో పడింది. ఆ రోజు తీసిన చింతపండులో సగం గింజలు అలాగే ఉండిపోయాయి. షావుకారు మన్మథరావు దాన్ని వెనక్కి పంపాడు. అలా వెనక్కి రావడం అదే మొదలు.

ఆ కారు పాయకరావుపేటలో ఎవరో కొన్నారు. మా వీధి పెళ్ళిళ్ళకు కూడా వచ్చేది. అది వచ్చినప్పుడు మామ్మ లోపలికి పోయేది కాదు, అరుగు మీదే కూర్చుని చూసేది. బంపరు మీద గీత ఇంకా ఉందని మాత్రం అంది. జీడితోట డబ్బు పోస్టాఫీసులో వేసింది. వ్యాను అమ్మేసి, అరిగిపోయిన మోకాళ్ళతోనే మళ్ళీ బస్సులెక్కి సంతలకు వెళ్ళింది. నానాజీ బాబాయిని ఎవరూ వెళ్ళమనలేదు. అతనే సామాను సర్దుకుని పెదబొడ్డేపల్లిలో గది అద్దెకు తీసుకున్నాడు.

ఏడాది తర్వాత ఒకరోజు మామ్మా నేనూ చింతపల్లి బస్సు దిగాం. రెండు పసుపు బస్తాలు. వాన మొదలైంది. ఆర్టీసీ కాంప్లెక్సు బయట ఒక్కటే ఆటో ఉంది. అందులో నానాజీ బాబాయి. అతను దిగి వచ్చి బస్తాలు ఎత్తి వెనక వేశాడు. ఆటో వెనక రేకు మీద ఆకుపచ్చ రంగుతో పెద్ద అక్షరాలు రాయించుకున్నాడు.

"ఏటి రాసుందే?" అని మామ్మ నన్నడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. "పెద్దమ్మ దీవెన" అని చదివాను.

"నానివ్వనేదు. ఆడే తీసుకున్నాడు" అంది, ఎక్కి కూర్చుంది.

దారంతా నేనొక్కదాన్నే వానగురించి ఏదో వాగాను. ఇంటి ముందు ఆగాక మామ్మ కొంగుముడి విప్పింది.

"ఎంత?"

"నీ దగ్గరేటి పెద్దమ్మా."

"ఎంతని అడిగాను."

అది పది రూపాయల దూరం. ఊళ్ళో ఎవరైనా చెబుతారు. నానాజీ బాబాయి మామ్మ మొహంలోకి చూస్తూ "యాబై" అన్నాడు.

నాకు అర్థమైంది. మామ్మ ఇప్పుడు నడుం మీద చేతులు పెట్టుకుని "యాబైకి ఆటోయే వస్తాది, అయిదిత్తాను" అనాలి. అతను ఇరవై అనాలి. ఆవిడ ఆరు అనాలి. అలా వానలో తడుస్తూ ఇద్దరూ ఓ పావుగంట పోట్లాడుకోవాలి. అతను దానికోసమే చూస్తున్నాడు.

మామ్మ పది రూపాయల నోట్లు అయిదు తీసి అతని చేతిలో పెట్టింది. కొంగు ముడి వేసుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి లోపలికి వెళ్ళిపోయింది.

బస్తాలు నేనూ బాబాయీ దించాం. నోట్లు అతని చేతిలోనే తడుస్తున్నాయి.